పాత ఇంటికి సిమెంటు తొడుగు వద్దు

సంక్రాంతి ఇంకో రెండు నెలలుందనగా కోనసీమలోనో, కృష్ణా డెల్టాలోనో, కరీంనగర్ పల్లెల్లోనో పాత ఇళ్ల ముందు ఇసుక కుప్పలు పడతాయి, సిమెంటు బస్తాలు దిగుతాయి. హైదరాబాద్ నుంచో డల్లాస్ నుంచో పిల్లలు వస్తున్నారు. తాతల నాటి ఇల్లు నలుగురిలో కాస్త కళగా కనిపించాలన్న ఆశ. మేస్త్రి వచ్చి గోడను పిడికిలితో తట్టి చూస్తాడు. డొల్లగా మోగిన చోట సుత్తితో రెండు దెబ్బలేస్తే పాత గచ్చు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. ‘ఇదంతా చెక్కేసి సిమెంటు ప్లాస్టరింగ్ చేసేద్దామండీ, ఇక మీ జన్మలో చూసుకోనక్కర్లేదు’ అంటాడు. ఇంటిల్లిపాదీ సరేనంటారు. ఆ ఇంటికి అసలు నష్టం మొదలయ్యేది అక్కడే.

పాత ఇంటిని పడగొట్టకుండా బాగుచేయించుకుందామనుకునే వాళ్లు దొరకడమే ఈ రోజుల్లో అరుదు. వాళ్లను మెచ్చుకోవాలి. కానీ వాళ్ల డబ్బు, మమకారం చాలావరకు ఇంటిని పాడుచేసే పనికే ఖర్చవుతున్నాయి. సున్నంతోనూ మట్టితోనూ కట్టిన గోడకు సిమెంటు పూత, దాని మీద పుట్టీ, ఆపైన చుక్క నీరు దూరదని చెప్పే ప్లాస్టిక్ రంగు, వీధి వైపు నిలువెత్తు టైల్స్. దీనంతటికీ కలిపి ‘ఎలివేషన్’ అని పేరు. గృహప్రవేశం నాటి ఫొటోల్లో అది మెరిసిపోతుంది. రెండు మూడు వానాకాలాలు గడిస్తే గోడ పొక్కులు తేలుతుంది.

ఎందుకో తెలియాలంటే ఆ గోడ దేనితో కట్టిందో ముందు తెలుసుకోవాలి. మన దేశంలో సిమెంటు తయారీ నిలదొక్కుకున్నదే 1914లో, గుజరాత్ తీరంలోని పోర్‌బందర్‌లో. అది మన పల్లెల్లో మామూలు రైతు ఇంటి దాకా రావడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది. అందుకని ఎనభై, తొంభై ఏళ్లు దాటిన పల్లెటూరి ఇల్లు దాదాపుగా మట్టి గోడలదో, మట్టి అడుసుతో పేర్చిన ఇటుక గోడలదో, కాస్త కలిగిన వాళ్లదైతే గానుగ సున్నంతో కట్టిందో అయి ఉంటుంది. గోదావరి జిల్లాల మండువా లోగిలి, తెలంగాణ భవంతి, రాయలసీమ చవుడు మిద్దె, ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లు... రూపాలు వేరైనా గోడల స్వభావం ఒక్కటే. అవి తేమను పీల్చుకుంటాయి, మళ్లీ ఎండకు, గాలికి వదిలేస్తాయి.

సున్నం చేసే పని చిన్నది కాదు. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి పొడి సున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే బుసబుసా మరిగి తడి సున్నం అవుతుంది. దానికి ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే రాతి చక్రం కింద గానుగలో మెత్తగా నూరితే గానుగ సున్నం. బెల్లం నీళ్లు, కరక్కాయలు నానబెట్టిన నీళ్లు కలిపే వాళ్లు; నునుపైన పై పూతకైతే కోడిగుడ్డు తెల్లసొన కూడా. గోడకెక్కాక ఆ సున్నం గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లమెల్లగా తీసుకుని మళ్లీ రాయి అవుతుంది. అలా గట్టిపడిన తర్వాత కూడా అందులో కంటికి కనిపించని సందులుంటాయి. గోడలోని చెమ్మ ఆవిరై ఆ సందుల గుండా బయటికి పోతుంది. పునాది కాస్త కుంగినా, దూలం కాస్త కదిలినా సున్నపు గచ్చు సర్దుకుంటుంది. వెంట్రుక మందం చీలికలైతే వాన నీటిలో కరిగిన సున్నమే తిరిగి పేరుకుని పూడ్చుతుంది.

సిమెంటు పూతకు ఈ గుణాల్లేవు. అది బిగుసుకుపోతుంది. వెనక ఉన్న మట్టి గోడ వానకు ఉబ్బి ఎండకు ముడుచుకుంటే దానితో పాటు కదలలేక చిట్లుతుంది. ఆ చీలికలోంచి వాన నీరు లోపలికి పోతుంది. పోయిన నీరు బయటికి రావడానికి దారి ఉండదు.

సిమెంటు పూసిన ఏ పాత మట్టి గోడ దగ్గరైనా మోకాళ్ల మీద కూర్చుని కింది భాగాన్ని చూడండి. నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తు దాకా రంగు ఉబ్బి ఉంటుంది. వేలితో నొక్కితే అప్పడంలా విరిగిపోతుంది. లోపల తెల్లగా, బూజులా మెత్తటి ఉప్పు. ‘చవుడు పూసింది’ అంటారు ఊళ్లో. నేలలోంచి పైకెక్కిన నీరు తనతో తెచ్చిన లవణాలవి. సున్నపు పూతైతే ఆ నీటిని అక్కడికక్కడే బయటికి వదిలేసేది, ఏటా కింద ఒక చారెడు గచ్చు రాలేది, మళ్లీ పూసుకునేవాళ్లు. ఇప్పుడు సిమెంటు అడ్డుపడటంతో చెమ్మ ఇంకా పైకి పాకుతుంది. అందుకే మేస్త్రి మూడడుగులు సిమెంటు పట్టీ వేసిన గోడకు మరుసటి ఏడు సరిగ్గా ఆ పట్టీ పైఅంచు దగ్గర మరకలు కనిపిస్తాయి. ఇంటాయన పట్టీని అయిదడుగులకు పెంచుతాడు. చెమ్మ ఆరో అడుగుకు చేరుతుంది. చివరికి పట్టీని ఊడబెరికి చూస్తే వెనకాల ఇటుక పొడి పొడిగా చేతిలోకి వస్తుంది.

ఈ పాపంలో ఊరి రోడ్డుకూ వాటా ఉంది. ఉపాధి హామీ నిధులతో ఊరూరా సీసీ రోడ్లు పడ్డాయి, పడుతున్నాయి. మంచిదే. బురద వదిలింది. అయితే పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్తది పోయడం అలవాటైపోయింది. ఒకప్పుడు నాలుగు మెట్లెక్కి వెళ్లే ఇల్లు ఇప్పుడు రోడ్డుతో సమానంగానో, ఇంకా కిందుగానో ఉంటోంది. వాన కురిస్తే వీధి నీళ్లు గోడ మొదట్లో చేరతాయి. మురుగు కాలువ కూడా గోడను ఆనుకునే పోతుంది. గోడకు ఏ మందు పూసినా ఈ నీటిని ఆపకపోతే వృథా. కొత్త రోడ్డు వేసేటప్పుడు పంచాయతీరాజ్ ఇంజనీర్లు పాత దాన్ని కచ్చితంగా తవ్వి తీయించేలా గ్రామసభల్లోనే పట్టుబట్టాలి. ఒక్క ఇంటివాడు అడిగితే ఎవరూ వినరు, వీధి వీధంతా అడగాలి.

సిమెంటు తీసేసి సున్నానికి మళ్లడం ఏదో పాతకాలపు మోజని కొట్టిపారేసే వాళ్లు హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరికి వెళ్లి చూడాలి. 2013 నుంచి 2024 దాకా ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ అక్కడ చేసిన పనుల్లో పెద్ద భాగం ఇదే. గత శతాబ్దంలో మరమ్మతుల పేరిట గుమ్మటాల మీద, గోడల మీద పూసిన సిమెంటును ఓపికగా ఒలిచి, మళ్లీ సున్నపు గచ్చు వేశారు. కామారెడ్డి జిల్లాలోని దోమకొండ గడి కథ ఇంకా దగ్గరిది. అది ఒక కుటుంబం చేతుల్లో ఉన్న ఆస్తి. శిథిలమవుతున్న దాన్ని ఆ కుటుంబమే నిపుణులను, స్థానిక పనివాళ్లను పెట్టి సంప్రదాయ పద్ధతుల్లో నిలబెట్టుకుంది. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో దానికి అవార్డ్ ఆఫ్ మెరిట్ దక్కింది. అదే ఏడాది గోల్కొండలోని కుతుబ్‌షాహీ మెట్లబావులకూ ఆ పురస్కారాల్లో చోటు దొరికింది. 1591 నాటి చార్మినార్ నిలబడింది కూడా రాయి, సున్నంతోనే.

సుల్తానుల కట్టడాలకూ రైతు ఇంటికీ పోలికేమిటని అడగవచ్చు. పదార్థానికి ఆ తేడా తెలియదు. సమాధి మీద సున్నం ఎలా పనిచేస్తుందో సావిడి గోడ మీదా అలాగే పనిచేస్తుంది. ఇంగ్లండ్‌లోనూ పల్లెటూరి మట్టి, రాతి ఇళ్లకు ఇదే తంటా వచ్చింది. 1877లో విలియం మోరిస్ లండన్‌లో స్థాపించిన పురాతన కట్టడాల పరిరక్షణ సంఘం అక్కడి ఇంటి యజమానులకు ఈ రోజుకూ చెప్పే సలహాల్లో ముఖ్యమైనది పాత గోడకు సిమెంటు పూయవద్దన్నదే.

మరి బయటి రూపం బాగుచేయడం ఎక్కడ మొదలుపెట్టాలి? పైకప్పు నుంచి. గోడకు రంగు వేసే ముందు చూరు చూడాలి. పాత ఇళ్లకు చూరు రెండు మూడడుగులు ముందుకు వచ్చేది, మట్టి గోడను వాన తాకకుండా కాపాడేది అదే. పెంకులు దించేసి స్లాబ్ వేసి, అడుగున్నర సన్‌షేడ్‌తో సరిపెట్టిన రోజున గోడ వానకు బయటపడింది. గోడ తడుస్తోంది కనుక సిమెంటు కావాలన్నారు. ఒక తప్పు ఇంకో తప్పును తెచ్చింది. మనం బెంగుళూరు పెంకు అని పిలుచుకునే మంగళూరు పెంకును 1865లో బాసెల్ మిషన్ వాళ్లు అక్కడ ఫ్యాక్టరీ పెట్టి మొదలుపెట్టారు. ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చునే ఆ అమరిక వల్ల పగిలిన పెంకు ఒక్కదాన్నే తీసి మార్చుకోవచ్చు. గూన పెంకైతే ఏటా మృగశిర కార్తెలోపు ఒకసారి సర్దించుకోవాలి. రాయలసీమ మిద్దెలకు చవుడు మన్ను కొత్తగా పరిస్తే చాలు. దాని మీద కాంక్రీటు పోస్తే బరువు పెరుగుతుంది, దూలాలు ఒంగుతాయి.

పెంకులకు ఇప్పుడు వచ్చిన పెద్ద కష్టం కోతులు. తెలంగాణ పల్లెల్లో పెంకుటిల్లు ఉన్న ఏ ఇల్లాలిని కదిలించినా ముందు చెప్పేది వాటి గురించే. గుంపుగా దిగి పెంకులు ఎత్తి పడేస్తాయి. ఈ బాధ పడలేక పెంకు తీసి రేకులు వేసుకున్న వాళ్లను తప్పుపట్టడం అన్యాయం. తీరంలో తుపాను భయం ఇంకొకటి. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమ వాళ్లకు ఎగిరిపోయిన కప్పులు ఇంకా గుర్తే. అలాంటి చోట వాసాల మీద ముందు రేకు బిగించి, దాని పైన పెంకు పరిచి, అంచుల్లో తీగతో కట్టించుకోవడం ఒక మధ్యేమార్గం. ఖర్చు ఎక్కువే, కానీ చూరు దక్కుతుంది, నీరు కారదు, ఇంటి ముఖం మారదు.

కప్పు తర్వాత అరుగు. బయటి రూపం మారుస్తున్నామంటే మొదట గునపం పడేది అరుగు మీదే. కారు పెట్టుకోవడానికనో, గేటు ముందుకు జరపాలనో దాన్ని తీసేస్తారు. లేదంటే చుట్టూ ఇనుప గ్రిల్లు బిగించి గదిలా చేస్తారు. అరుగు మీద పెద్దాయన పేపరు చదవడం, బాటసారి మంచినీళ్లు అడగడం, ఊరి తగవులు తీరడం అందరికీ తెలిసినవే. దానికి ఇంకో పని ఉంది. చూరు నుంచి పడే ధార గోడ మొదట్లో కాకుండా అరుగు అవతల పడుతుంది. నేల మీద పడి చిందిన తుంపర గోడను తాకదు. అరుగు తీసేస్తే గోడ పాదం ప్రతి వానకూ నానుతుంది. కట్టిన వాళ్లు ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లకపోవచ్చు గానీ నీటి నడక తెలిసి కట్టారు. అరుగు రాళ్లు కుంగి ఉంటే ఎత్తి సర్దండి. కింద మన్ను దిమ్మిసతో గట్టిపరిచి, సందుల్లో సున్నం నింపి కడప బండలో, తాండూరు బండలో మళ్లీ పరవండి. పాలిష్ టైల్స్ మాత్రం వద్దు. తడి కాళ్లతో ముసలివాళ్లు జారిపడేది వాటి మీదే.

ఈ పనిని వీధి మొత్తానికీ చేసిన చోటు కూడా ఉంది. పుదుచ్చేరిలోని వైశ్యాళ్ వీధిలో 2000వ దశకం మొదట్లో వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్, అక్కడి ప్రభుత్వం యూరోపియన్ యూనియన్ సాయంతో ఒక పని చేశాయి. వరసగా ఉన్న తమిళ ఇళ్ల ముందు భాగాలను, తిన్నెలతో సహా, పాత రూపంలోకి తెచ్చాయి. ఇళ్లు ఎవరివి వాళ్లవే, లోపల ఎవరి సదుపాయం వాళ్లదే. వీధి ముఖం మాత్రం అందరిదీ. ఆ ప్రభుత్వం కిందే మన తెలుగు యానాం ఉంది. యానాంలోనూ, పక్కనే ఉన్న కోనసీమ అగ్రహారాల్లోనూ అలాంటి వీధి ఒక్కటైనా ఎందుకు తయారు కాకూడదు?

గోడ పూత విషయంలో తొందరే శత్రువు. డొల్లగా మోగిన మేరకే పాత గచ్చు తీయాలి, గట్టిగా ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. కొత్త సున్నం, ఇసుక ఒకటికి మూడు పాళ్లు. ఒక్కసారే మందంగా కాకుండా పలచటి పొరలుగా వేయాలి. పొర పొరకూ మధ్య ఆరనివ్వాలి. మండుటెండలో చేస్తే ఆరిపోయి పగుళ్లిస్తుంది. గోనె పట్టాలు కట్టి తడుపుతూ ఉండాలి. వానలు తగ్గిన కార్తీకం నుంచి మాఘం దాకా దీనికి అనువైన కాలం. పండగకు పది రోజుల ముందు పని మొదలుపెట్టి సున్నంతో చేయమంటే ఏ మేస్త్రీ చేయలేడు. ఇంకో జాగ్రత్త: తడి సున్నం కళ్లలో పడితే చూపు పోయే ప్రమాదముంది, చర్మాన్ని కాలుస్తుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా పనివాళ్లను దించకూడదు.

రంగు దగ్గరికొస్తే సున్నపు వెల్లను మించింది లేదు. నీలిమందు కాస్త కలిపిన తెల్లదనం, గోడ అడుగున జాజు పట్టె, గడపకు పసుపు. ఇది మన పల్లెల సొంత అలంకారం, ఏ కంపెనీ కేటలాగులోనూ లేనిది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి ఎండను తిప్పికొట్టే కప్పులు వేసుకోమంది. తెల్లటి సున్నం గోడకు చేసే మేలూ అదే. ఇప్పుడు వీధి గోడకు అంటిస్తున్న నల్లటి, ముదురు గోధుమ రంగు రాతి పలకలు మే నెల ఎండను పగలంతా దాచుకుని రాత్రంతా ఇంట్లోకి వదులుతాయి. కరెంటు బిల్లు ఆ అందానికి కట్టే అద్దె.

సింహద్వారానికి, స్తంభాలకు పొరలు పొరలుగా పూసిన ఎనామిల్ తీయించాలనుకుంటే మంచి ఆలోచనే. కానీ పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017లోనే. అందుకని పొడి పొడిగా గీకించవద్దు, తడుపుతూ తీయించండి, పిల్లలను ఆ ఛాయలకు రానివ్వకండి. టేకు బయటపడ్డాక అవిసె నూనె పట్టిస్తే చాలు. ఆ తలుపును మంచి ధర వచ్చిందని అమ్ముకోవద్దు. పల్లెల నుంచి పోయిన చెక్కడపు తలుపులు, స్తంభాలు నగర శివార్ల రిసార్టుల్లో, హోటళ్లలో అలంకారాలుగా నిలబడి ఉన్నాయి. అవి పోయిన ఇళ్లు మళ్లీ కోలుకోలేదు.

సున్నం పని ఖర్చెక్కువ, తెలిసిన వాళ్లు లేరు అన్న మాట నిజం. కూలి ఎక్కువ పడుతుంది, రోజులు ఎక్కువ పడతాయి. ఏటా వెల్ల వేయాలంటే ఊళ్లో ఉండే మనిషి కావాలి; సగం ఇళ్లకు అదే లేదు. ఈ అభ్యంతరాలను తేలిగ్గా తీసుకోకూడదు. అయితే సరుకుకు కరువు లేదు. పల్నాడులో పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పెట్టింది పేరు. కరువల్లా చేతి పనికే. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఏళ్ల తరబడి సున్నంతో పనిచేసిన మేస్త్రీలు ఉన్నారు. వాళ్ల చేత ఈ పని కొత్తవాళ్లకు నేర్పించాలి. 1998లో హైదరాబాద్‌లో పెట్టిన న్యాక్ లాంటి నిర్మాణ శిక్షణ సంస్థ, రెండు రాష్ట్రాల ఐటీఐలు తాపీ పనిలో సున్నాన్ని ఒక పాఠంగా చేర్చడానికి కొత్త భవనాలు అక్కర్లేదు. తెలంగాణలో 2017 నుంచి వారసత్వ పరిరక్షణ చట్టం ఉంది. దాని చూపు కోటలు, గుళ్లు దాటి పల్లెల్లో జనం కాపురం చేస్తున్న ఇళ్ల మీద కూడా పడాలి. అలాంటి ఇంటిని పాత పద్ధతిలో మరమ్మతు చేసుకునే వాళ్లకు ఇంటి పన్నులో రాయితీ ఇచ్చినా పంచాయతీకి పోయేది కొంచెమే.

లోపల మీ ఇష్టం. స్నానాల గది మార్చుకోండి, వంటింట్లో గట్టు ఎత్తించుకోండి, ఏసీ పెట్టుకోండి. ఆ ఇంట్లో బతికేది మీరు. బయటి గోడ జోలికి వెళ్లే ముందు మాత్రం ఒక్క పని చేయండి. ఈ కార్తీకంలో, ఇంటి వెనక వైపు, ఎవరికీ కనిపించని ఒక గోడను ఎంచుకుని సున్నంతో బాగుచేయించండి. సిమెంటు పూసిన పక్క గోడతో పాటు దాన్నీ ఒక వానాకాలం గడవనివ్వండి. వచ్చే దసరాకు రెండింటి మీదా చెయ్యి పెట్టి చూసి, వీధి గోడకు ఏది పూయించాలో అప్పుడు మేస్త్రికి చెప్పండి.